చేవ్రాలు విలువ – స్టెఫాన్ జ్వైగ్ జీవితం

వర్తకం వృత్తిగా గల కుటుంబాలకు చేవ్రాలు అంటే ఏమిటో వేరే చెప్పనవసరం లేదు. హుండీ కాగితానికి విలువ ఆ కాగితం వలన రాదు. దాని క్రింద ఉన్న పేరు వలన వస్తుంది. పేరు పెట్టినవాడు మాట నిలుపుకొంటే అది ధనం, నిలుపుకొనకపోతే చిత్తు కాగితం. అందులోనూ దర్శని హుండీ అయితే కంటికి చూపిన క్షణమే చెల్లించవలసి ఉంటుంది. రేపు రమ్మనడానికి వీలు లేదు.

ఆస్ట్రియా దేశంలో ఒక వర్తకుని ఇంట పుట్టి, జీవితమంతా మహనీయుల చేవ్రాళ్ళను, చేతివ్రాత ప్రతులను ప్రోగుచేసిన రచయిత స్టెఫాన్ జ్వైగ్ కథ కూడ ఇట్టిదే. శాంతిని కోరిన పెద్దలు తమ పేరు పెట్టి వ్రాసిన జాబును దాచుకొనడం ఒక ఎత్తు. ఆ జాబులోని మాటను చెల్లించడం మరొక ఎత్తు. ఈ రెంటికీ గల భేదాన్ని ఆయన పుస్తకాలలో చదివి కాక, బ్రతుకులో తెలిసికొన్నాడు.

జ్వైగ్ 1881 నవంబరు 28వ తేదీన వియన్నా నగరంలో యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి మోరిట్జ్ జ్వైగ్ బొహీమియా ప్రాంతంలో నేతమిల్లు నడిపి ధనం గడించినవాడు. తల్లి ఇడా బ్యాంకు వ్యాపారుల వంశానికి చెందినది. తండ్రి మితభాషి, మితవ్యయి. ఎంత కలిగినా ఆడంబరం ఎరుగడు. ప్రామిసరీ నోటు మీద గాని, మరే ఋణపత్రం మీద గాని తన పేరును ఏనాడూ ఎవరూ చూడలేదన్నది ఆయనకు గల ఒకే ఒక గర్వం. బ్యాంకు పుస్తకంలో ఆయన ఖాతా ఎప్పుడూ జమ వైపే ఉండేది. పెద్ద కుమారుడు ఆల్‌ఫ్రెడ్ మిల్లు బాధ్యత వహించాడు. అందువలన చిన్నవాడైన స్టెఫానుకు తన ఇష్టం వచ్చిన చదువు చదువుకొనే వీలు చిక్కింది. 1904లో వియన్నా విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరు పట్టం ఇచ్చింది. అప్పటికే కవిగా ఆయన పేరు కొందరికి తెలిసింది.

చేవ్రాళ్ళ మీద మక్కువ ఆయనకు చిన్ననాటనే పట్టుకొన్నది. వియన్నా బాలురకు ఆ రోజులలో నాటకశాల దేవాలయం వంటిది. నటులు బయటకు వచ్చే ద్వారం వద్ద కాచుకొని ఉండి, వారిచేత కాగితం మీద పేరు వ్రాయించుకొనడం ఆ పిల్లలకు పండుగ. జ్వైగ్ కూడ అట్లే మొదలుపెట్టాడు. కాని వయసు వచ్చినకొద్దీ ఉత్త సంతకంతో ఆయనకు తృప్తి కలుగలేదు. ఒక కావ్యమో, గీతమో పుట్టిన మొదటి కాగితం కావాలి. అందులో కొట్టివేతలు, దిద్దుబాట్లు, తడబాట్లు కనబడాలి. మహానుభావుడు సైతం ఎంత శ్రమపడి ఆ మాటను పట్టుకొన్నాడో తన కంటితో చూడాలి. ఇదీ ఆయన కోరిక. కొంతకాలానికి ఈ విద్యలో ఆయనకు సాటి రాగలవారు ఐరోపాలో కొద్దిమందే మిగిలారు. చేవ్రాళ్ళ అమ్మకాల జాబితాలే ఆయన వద్ద సుమారు 4,000 ఉండేవి.

వియన్నాలో ఆయన కాపురమున్న భవనంలోనే పై అంతస్తున ఒక వృద్ధురాలు నివసించేది. ఆమె జర్మన్ మహాకవి గోథేకు వైద్యం చేసిన డాక్టరు ఫోగెల్ కుమార్తె. పసితనంలో గోథే కళ్ళు ఆమెను చూశాయి. ఆ కళ్ళు చూసిన మనిషి ఇంకా తన ఇంటి కప్పు క్రిందనే ఉన్నదన్న సంగతి జ్వైగ్‌ను నిలువెల్లా కదలించింది. గతించిన మహాత్ములకూ మనకూ మధ్య ఉన్న దారం ఎంత సన్ననిదో, అయినా ఎంత గట్టిదో ఆయన ఆనాడు గ్రహించాడు. కాగితాలు కూడ ఆయన దృష్టిలో అట్టి దారాలే.

తరువాతి కాలంలో ఆయన వద్ద బెథోవెన్ కూర్చుండి వ్రాసిన బల్ల చేరింది. మొజార్టు తన సంగీత రచనలకు స్వహస్తంతో వ్రాసికొన్న పట్టిక చేరింది. ఇంగ్లీషు కవి, చిత్రకారుడు అయిన బ్లేక్ గీసిన జాన్ రాజు బొమ్మ చేరింది. సమకాలికులు స్నేహంతో ఇచ్చినవి వేరు. రిల్కే ఇచ్చాడు, గోర్కీ ఇచ్చాడు, ఫ్రాయిడ్ ఇచ్చాడు. రోమా రోలా తన పెద్ద నవల జాన్ క్రిస్టఫ్‌లో ఒక సంపుటపు వ్రాతప్రతినే ఇచ్చివేశాడు. ఇంత సంపద ఉన్నా తాను వీటికి యజమానిని కానని, కొంతకాలం కాపలా కాయడానికి వచ్చినవాడిననీ జ్వైగ్ తలచేవాడు. తన తరువాత ఈ సేకరణ ఒక సంస్థకు చెందాలనీ, ఆ సంస్థ ఏటేటా కొంత ద్రవ్యం వెచ్చించి దానిని పెంచాలనీ ఆయన సంకల్పం.

ఆ స్నేహితులలో రోమా రోలాను గూర్చి కొంత చెప్పవలసి ఉన్నది. రోలా ఫ్రెంచి రచయిత. జ్వైగ్‌కు ఆయనతో 1910లో ఉత్తరాల ద్వారా పరిచయం కలిగింది. ఫ్రాన్సు, జర్మనీలు ఒకదానిని ఒకటి ద్వేషించుకొంటున్న ఆ కాలంలో ఆ రెండు జాతుల మధ్య అన్నదమ్ముల బంధాన్ని నవలగా వ్రాసిన రోలా, జ్వైగ్‌కు అన్న వంటివాడు, గురువు వంటివాడు అయినాడు. ఆ జాబుల రాకపోకలు 1940 వరకు, అనగా ముప్పది ఏండ్లు సాగినవి.

శాంతి కోసం పాటుపడిన మరొక వ్యక్తి జ్వైగ్‌కు స్వదేశంలోనే ఉండేది. ఆమె బెర్తా ఫాన్ సుట్నర్. ఆయుధాలు వదలండి అని పిలుపునిచ్చే నవలను ఆమె 1889లో ప్రచురించింది. 1905లో నోబెల్ శాంతి బహుమానం పొందింది. ఆ బహుమానం పొందిన స్త్రీలలో ఆమెయే మొదటిది. అయినా వియన్నా పెద్దమనుషులు ఆమెను చూసి లోలోపల నవ్వుకొనేవారు. 1913లో ఒకనాడు ఆమె జ్వైగ్‌కు వీథిలో ఎదురుపడి, యుద్ధం తలుపు తట్టుతుంటే పడుచువారు ఊరకున్నారేమని ఉద్రేకంతో నిలదీసింది. చావవలసినవారు మీరే కదా, మీకే పట్టకపోతే ఎట్లా అన్నది ఆమె ఆవేదన. ఆయన ఆమె మాటను విన్నాడు కాని, తన పనులకు తాను పోయాడు. 1914 జూన్ 21న సుట్నర్ కన్నుమూసింది. సరిగా వారం తిరిగేసరికి సెరాజెవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జరిగింది. ఆగస్టు నాటికి ఐరోపా అంతా యుద్ధంలో దిగింది.

ఇక్కడే జ్వైగ్ జీవితంలో మొదటి పరీక్ష వచ్చింది. తెలివిగలవాడు, నాలుగు దేశాల స్నేహితులు గలవాడు, అయినా ఊరంతా ఊగిపోతున్నప్పుడు ఆయన కూడ కొంత ఊగాడు. 1914 సెప్టెంబరులో పరదేశపు మిత్రులను సంబోధిస్తూ ఒక బెర్లిన్ పత్రికలో బహిరంగ లేఖ ప్రకటించాడు. యుద్ధం ముగిసేవరకు మన మైత్రికి సెలవు, నేను నా జాతి పక్షాన నిలుస్తాను అన్నది దాని సారాంశం. దాని క్రింద ఆయన చేవ్రాలు ఉన్నది. ఋణపత్రం మీద పేరు పెట్టని తండ్రికి పుట్టిన కొడుకు, ఆనాడు తన పేరును స్నేహాన్ని రద్దుచేసే కాగితం మీద పెట్టాడు.

ఆ లేఖ రోలా కంటబడింది. అప్పుడాయన స్విట్జర్లాండులో ఉన్నాడు. కోపించలేదు, నిందించలేదు. నీవు వదలినా నేను మాత్రం మిత్రులను వదలబోనని నెమ్మదిగా తెలియజేస్తూ ఒక జాబు వ్రాశాడు. దాదాపు అదే సమయాన జెనీవా పత్రికలో, యుద్ధపు రణగొణధ్వనికి పైన నిలబడి మనుష్యులు మనుష్యులుగా ఆలోచించాలని కోరుతూ ఒక వ్యాసం ప్రకటించాడు. దానివలన స్వదేశంలో ఆయనను ద్రోహి అన్నారు. రోలా వ్యాసాలతో ఆగలేదు. జెనీవాలో రెడ్‌క్రాస్ వారు నెలకొల్పిన యుద్ధఖైదీల కార్యాలయంలో జీతం లేని గుమాస్తాగా చేరాడు. కనబడకుండాపోయిన కుమారుని కోసం తల్లులు, భర్తల కోసం భార్యలు వ్రాసిన జాబులు అక్కడకు వచ్చిపడేవి. వాటిని చదివి, పేర్లు వెదికించి, జవాబులు వ్రాయడం ఆయన పని. 1915 సంవత్సరపు నోబెల్ సాహిత్య బహుమానం తనకు లభించినప్పుడు ఆ ద్రవ్యాన్ని ఆయన పరోపకారానికి ఇచ్చివేశాడు.

జ్వైగ్‌కు రోలా పంపిన ఆ జాబు దర్శని హుండీ వంటిది. చూచిన క్షణమే చెల్లించవలసినది. అలమారలో భద్రపరచి, పైన నంబరు వేసి పట్టికలో వ్రాసికొంటే తీరే బాకీ కాదు. జ్వైగ్ చెల్లించాడు. కాని దర్శని హుండీని ముద్దతు హుండీగా మార్చుకొన్నట్లు, ఆలస్యంగా, విడతలు విడతలుగా చెల్లించాడు.

అప్పుడాయన ఉద్యోగం వియన్నాలోని సైనిక పత్రాగారంలో. 1915 వేసవిలో పై అధికారులు ఆయనను గలీషియా ప్రాంతానికి పంపారు. రష్యా సైన్యాలు గోడలకు అంటించిపోయిన ప్రకటనలు చినిగిపోకముందే సేకరించుకొని రావాలి. సేకరణలో ఆరితేరినవానికి తగిన పనే. కాగితాలు దొరికాయి. కాని తిరుగు ప్రయాణంలో ఆయన ఎక్కినది గాయపడిన సైనికులను మోసుకొనిపోయే బండి. మందులు లేవు, గాలి లేదు, గడ్డి మీద వరుసలుగా పడి మూలుగుతున్న మనుష్యులు. మరునాటి ఉదయం బండి బుడాపెస్టు చేరింది. అక్కడ పూలు చేతబట్టుకొని షికారు చేస్తున్న జనం, యుద్ధాన్ని పొగడుతున్న పత్రికలు. ఆ రెండు దృశ్యాల నడుమ జ్వైగ్ మనస్సు మారిపోయింది. యుద్ధాన్ని పొగడేవాడు దానిని చూడనివాడే అని ఆయనకు రూఢి అయినది.

ఫలితంగా ఆయన యిర్మీయా ప్రవక్త కథను నాటకంగా వ్రాశాడు. అందరూ విజయోత్సాహంతో ఉన్నప్పుడు వద్దని ఒంటరిగా అరచి, పిరికివాడనిపించుకొన్న ప్రవక్త అతడు. ఆ నాటకం 1917లో, యుద్ధం ఇంకా జరుగుతుండగనే వెలువడినది. దాని ప్రదర్శన కోసం ఆ సంవత్సరాంతంలో స్విట్జర్లాండుకు వెళ్ళిన జ్వైగ్, రోలాను కలిసికొన్నాడు. శత్రుదేశాల ప్రజలుగా లెక్కలోకి వచ్చే ఆ ఇద్దరూ తటస్థ భూమి మీద చేతులు కలిపారు. 1918 ఫిబ్రవరిలో జూరిచ్ నగరంలో నాటకం ప్రదర్శింపబడినది. అదే దేశంలో ఉండగా సుట్నర్‌ను స్మరిస్తూ ఆయన ఉపన్యసించాడు. బ్రతికి ఉండగా చెవిని పెట్టని మాటకు అది ఆయన చెల్లించిన బాకీ.

యుద్ధానంతరం ఆయన సాల్జ్‌బర్గ్ పట్టణంలో కొండపై ఉన్న పాత భవనంలో స్థిరపడ్డాడు. 1920లో ఫ్రిడెరికేను వివాహమాడినాడు. 1921లో రోలా జీవితచరిత్ర ప్రచురించాడు. 1922లో పుస్తకంగా వచ్చిన ఒక చిన్న కథ మన దేశానికి సంబంధించినది. జ్వైగ్ 1908 చివర భారతదేశానికి వచ్చి కొన్ని నెలలు తిరిగాడు. గ్వాలియరును గూర్చి, కాశిని గూర్చి వ్యాసాలు వ్రాశాడు. ఆ యాత్రా స్మృతికి యుద్ధపు బాధ తోడై విరాటుడనే కల్పిత వీరుని కథగా రూపొందింది.

విరాటుడు రాజుకోసం చీకటిలో శత్రువులను నరుకుతాడు. తెల్లవారి చూస్తే చచ్చినవారిలో తన అన్నయే ఉన్నాడు. తెరచిన కళ్ళు తన వైపే చూస్తున్నాయి. కత్తిని ఏటిలో పారవేస్తాడు. న్యాయాధిపతి అవుతాడు, శిక్ష విధించడం కూడ హింసయే అని తెలిసి ఆ పదవిని విడుస్తాడు. గృహస్థుగా ఉంటే బానిసను కట్టి ఉంచవలసి వస్తుంది. అడవికి పోతే, ఆయనను చూసి మరొకడు ఇల్లు విడిచిపోగా, అతని బిడ్డలు ఆకలితో చనిపోతారు. చివరకు విరాటుడు రాజుగారి కుక్కలకు కాపరిగా ఉండి, ఎవరికీ గుర్తులేకుండా మరణిస్తాడు. చేసిన పని, మానిన పని రెండూ ఎవరికో ఒకరికి తగులుతూనే ఉంటాయన్న ఈ ప్రశ్న అహింసను వ్రతంగా ఎన్నుకొన్న కుటుంబాలకు క్రొత్తది కాదు. వియన్నా వర్తకుని కుమారుడు యుద్ధపు బూడిదలో నుండి అదే ప్రశ్నను ఏరుకొన్నాడనడమే విశేషం.

రోలా 1924లో మహాత్మా గాంధీని గూర్చి పుస్తకం వ్రాసి ఐరోపాకు ఆయనను పరిచయం చేశాడు. 1931 డిసెంబరులో గాంధీజీ స్విట్జర్లాండులో రోలా ఇంట అతిథిగా ఉన్నాడు. గాంధీజీకి యౌవనంలో ధర్మసందేహాలు కలిగినప్పుడు దక్షిణాఫ్రికా నుండి జాబు వ్రాసి అడిగినది బొంబాయి జవాహరీ వర్తకుడైన శ్రీమద్ రాజచంద్రునే. 1894 నాటి ఆ ప్రత్యుత్తరం సంగతి ఎరిగినవారికి ఒక జాబు ఎంత దూరం ప్రయాణం చేయగలదో బోధపడుతుంది.

1928లో టాల్‌స్టాయి శతజయంతికి జ్వైగ్ రష్యా వెళ్ళాడు. అక్కడ రెండు విషయాలు చేవ్రాళ్ళ సేకర్తను తికమకపెట్టినవి. మొదటిది టాల్‌స్టాయి సమాధి. చెట్ల నడుమ ఒక మట్టిదిబ్బ. శిలువ లేదు, శిలాఫలకం లేదు, పేరైనా లేదు. పేరు లేని ఆ సమాధి కంటె గంభీరమైన దానిని తాను చూడలేదని జ్వైగ్ భావించాడు. రెండవది ఒక జాబు. విద్యార్థుల గుంపు నుండి బసకు వచ్చి కోటు జేబులో చేయిపెడితే ఎవరో గుట్టుగా పెట్టిపోయిన కాగితం తగిలింది. చూపించినదంతా నమ్మవద్దనీ, చూపించనిది చాల ఉన్నదనీ అందులో ఉన్నది. చేవ్రాలు లేదు. చించితే ముక్కలు అతుకుతారు గనుక కాల్చివేయమని కోరిక. ఆయన ఇనుప బీరువాలోని వేలకొలది రూకల కాగితాల కంటె ఈ పేరు లేని కాగితం బరువైనది. పేరు పెట్టడానికి భయపడవలసిన రాజ్యం ఎట్టిదో అది ఒక్కటే ఆయనకు చెప్పింది.

రెండవ పరీక్ష 1933లో వచ్చింది. జర్మనీలో హిట్లర్ అధికారంలోకి రాగా మే నెలలో జ్వైగ్ పుస్తకాలను వీథులలో తగులబెట్టారు. ప్రవాసులైన రచయితలు ఆమ్‌స్టర్‌డామ్ నుండి ఒక పత్రిక ప్రారంభించారు. దాని పేరుకు అర్థం సేకరణ అనియే. వ్యాసం ఇస్తానని ఒప్పుకొన్న జ్వైగ్, పత్రిక రాజకీయంగా సాగుతున్నదని తెలిసి వెనుకకు తగ్గాడు. జర్మనీలోని తన ప్రచురణకర్తకు అందుకై వ్రాసిన జాబు అక్కడి పుస్తక వ్యాపారుల పత్రికలో అచ్చయినది. మిత్రుల మనస్సు నొచ్చినది. దుష్టుని పేరు పెట్టి నిందించకుండ శాంతిని కాపాడవచ్చునని ఆయన నమ్మిక. ద్వేషించరాదన్న నియమం వేరు, నోరు విప్పకపోవడం వేరు అని మిత్రుల వాదం. రోలా మరొక త్రోవ పట్టి సోవియట్ రాజ్యానికి దగ్గర కాగా, అన్నదమ్ముల వంటి ఆ ఇద్దరి మధ్య కొంత దూరం ఏర్పడింది. ఈ రెండవ హుండీని జ్వైగ్ పూర్తిగా చెల్లించలేదనే అనుకోవాలి. దానిని దాచడం ఆయన జీవితానికి గౌరవం కాదు.

1934 ఫిబ్రవరిలో ఆయుధాలు దాచినాడేమో అని పోలీసులు ఆయన ఇల్లు సోదా చేశారు. శాంతివాది ఇంట తుపాకులు వెదకిన ఆ అవమానంతో ఆయన లండన్ వెళ్ళిపోయాడు. అంతటితో సేకరణ విచ్ఛిన్నం కాసాగింది. మిత్రులు తనకు వ్రాసిన జాబులలో పెద్దభాగం అంతకుముందే జెరూసలేములోని జాతీయ గ్రంథాలయానికి దానమిచ్చాడు. కొన్ని వ్రాతప్రతులను వియన్నా జాతీయ గ్రంథాలయానికి ఇచ్చాడు. ఎన్నిటినో అమ్మివేశాడు, స్విట్జర్లాండుకు చెందిన మార్టిన్ బోడ్‌మర్ అనే పుస్తకప్రియుడు చాల భాగం కొన్నాడు. సాల్జ్‌బర్గ్ ఇల్లు 1937లో అమ్ముడైనది. 1938లో ఆస్ట్రియాయే పటం నుండి మాయమైనది. జ్వైగ్ ఏ దేశానికీ చెందనివాడై, 1940లో బ్రిటిష్ పౌరుడై, అమెరికా చేరి, 1941 ఆగస్టులో బ్రెజిల్ వెళ్ళి పెట్రోపొలిస్ అనే కొండ పట్టణంలో అద్దె ఇంట చేరాడు. ఒకనాడు బెథోవెన్ బల్ల ఉన్న ఇంటి యజమానికి ఇప్పుడు చూచుకొనడానికి సొంత గ్రంథాలయమైనా లేదు. కాగితాలు దగ్గర లేకుండ, జ్ఞాపకశక్తి మీదనే ఆధారపడి తన కాలపు చరిత్రను వ్రాసి ముగించాడు. ఆ గ్రంథం నిన్నటి లోకం అన్న అర్థం గల పేరుతో 1942లో వెలువడినది.

దానిని అచ్చులో చూడడానికి ఆయన లేడు. 1942 ఫిబ్రవరిలో ఆయన, రెండవ భార్య లోటే తమ చేతులతోనే ప్రాణాలు విడిచారు. ఐరోపా తనను తాను దహించుకొంటుంటే మరల బ్రతుకు మొదలుపెట్టే శక్తి అరువదేండ్ల మనిషికి మిగలలేదు. ఒక చిన్న కాగితం మీద తనకు నీడనిచ్చిన దేశానికి కృతజ్ఞత చెప్పి, మిత్రులకు నమస్కరించి, క్రింద పేరు వ్రాశాడు. 1914లో మిత్రులకు సెలవు చెప్పిన చేవ్రాలులో అహంకారం ఉన్నది. ఈ చివరి చేవ్రాలులో ప్రేమ తప్ప మరేమీ లేదు. మృత్యువును ఆయన వలె పిలుచుకొనడం ఎవరికీ ఆదర్శం కాదు. ఆయన విరాటుడే ఎంత వేదనలోను బ్రతికి, కుక్కలకు అన్నం పెట్టాడు.

సేకరణలో మిగిలిన భాగాన్ని వారసులు 1986లో లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీకి దానం చేశారు. మొజార్టు పట్టిక నేడు అక్కడ ఉన్నది. కాపలావాడు వెళ్ళిపోయినా సొత్తు లోకానికి దక్కింది. యజమానిని కానని ఆయన అనుకొన్నది చివరకు నిజమైనది.

శాంతిమూర్తుల జాబులను, సంతకాలను నేడు కూడ ఎందరో ధనం వెచ్చించి కొంటున్నారు. అది తప్పు కాదు. కాగితాన్ని ఎవరో ఒకరు కాపాడవలసినదే. అయితే జ్వైగ్ జీవితాన్ని జమాఖర్చు వ్రాసి చూస్తే తేలే శేషం ఇది. మంచివాని చేవ్రాలు ఇంట ఉన్నదంటే ఆ ఇంటికి ఒక బాకీ కూడ ఉన్నదన్న మాట. ఊరంతా ఒకరిని ద్వేషిస్తున్న దినాన ఆ హుండీ చెల్లింపుకు వస్తుంది. ఆనాడు దానిని చెల్లించినవాడే అసలైన సేకర్త.